ఇండియా, బంగ్లాదేశ్ పొలాల నైట్రస్ ఆక్సైడ్‌ను పోల్చే ముందు

చి. శ్రావణికి,

పెద్దనాన్న ఆశీస్సులు. థీసిస్‌కి ఇండియా, బంగ్లాదేశ్ వ్యవసాయంలో నైట్రస్ ఆక్సైడ్ (ఎరువు పడిన నేల నుంచి లేచి భూమిని వేడెక్కించే వాయువు) ఉద్గారాల పోలిక తీసుకున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. నా ఉద్యోగమంతా ఈ వాయువు చుట్టూనే తిరిగింది కాబట్టి, నువ్వు పని మొదలుపెట్టక ముందే నాలుగు మాటలు రాస్తున్నాను.

రెండు దేశాల మొత్తాల్ని పక్కపక్కన పెట్టి ఆగిపోకు. ఇండియా పెద్ద దేశం, అంకె పెద్దదే వస్తుంది. హెక్టారుకి ఎంతో చూడాలి. అయితే ఏ హెక్టారు? ఇండియాలో సాగు సాంద్రత (ఒకే నేలలో ఏడాదికి ఎన్ని పంటలు వేస్తారో చెప్పే లెక్క, రెండు పంటలైతే 200 శాతం) 155 శాతం దగ్గర ఉంటే, బంగ్లాదేశ్‌లో దాదాపు 200 శాతం. నికర సాగు భూమితో భాగిస్తే బంగ్లాదేశ్ రైతు ఎక్కువ నత్రజని వేస్తున్నట్టు కనిపిస్తుంది. ప్రతి పంటకీ నేలని మళ్లీ లెక్కించే స్థూల విస్తీర్ణంతో భాగించు, ఆ తేడా చాలావరకు పోతుంది. రెండు లెక్కలూ ఇవ్వు, దేనితో భాగించావో పట్టికలోనే రాయి.

తర్వాత అంకె ఎలా పుడుతుందో ఒకసారి చేత్తో లెక్కేసి చూడు. మన 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం లెక్కన 20.7 కిలోల నత్రజని ఉంటుంది. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2006 మార్గదర్శకాలు అందులో 1 శాతం నేల నుంచి నేరుగా నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుందని తీసుకుంటాయి. నత్రజని బరువుని నైట్రస్ ఆక్సైడ్ బరువుగా మార్చడానికి 44/28తో గుణిస్తే సుమారు 325 గ్రాములు. అదే బస్తా నీళ్లు నిలిచిన వరి మడిలో పడితే గుణకం 0.3 శాతమే, అంటే 98 గ్రాములు. 2019 సవరణలో రసాయన ఎరువులకి తడి వాతావరణంలో 1.6 శాతం, పొడి వాతావరణంలో 0.5 శాతం అన్నారు. ఆ నైట్రస్ ఆక్సైడ్‌ని, అంతే వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్ లెక్కలోకి మార్చేటప్పుడు పాత నివేదికలు 310తో గుణిస్తే, తర్వాతవి 298తో, 265తో గుణించాయి. ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం 273. ఒక దేశం ఒక గుణకం, పక్క దేశం ఇంకో గుణకం వాడి ఉంటే నువ్వు పోల్చేది గుణకాల్నే, పొలాల్ని కాదు. అందుకే జాతీయ నివేదికల్లోని చివరి అంకెల జోలికి పోకు. ఎరువు టన్నులు, పశువుల సంఖ్య, వరి విస్తీర్ణం తీసుకుని ఒకే పద్ధతిలో నువ్వే మొదటి నుంచి కట్టు.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ డేటా అన్ని దేశాలకీ ఒకే పద్ధతిలో దొరుకుతుంది, పని సులువవుతుంది. కానీ అందులో రైతు ఏం చేశాడో కనిపించదు. ఇండియాలో 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియాకంతా వేప నూనె పూత తప్పనిసరి. బంగ్లాదేశ్‌లో కొందరు రైతులు గుటి యూరియా వాడతారు. యూరియాని మిషన్‌లో నొక్కి, ఆమన్ (వానాకాలం వరి) పంటకి 1.8 గ్రాములు, బోరోకి (చలికాలంలో నాటే వరి) 2.7 గ్రాముల గోలీలు చేసి, నాలుగు దుబ్బుల మధ్య ఒకటి చొప్పున 7 నుంచి 10 సెంటీమీటర్ల లోతున బురదలోకి గుచ్చుతారు. రెండూ నత్రజనిని అమ్మోనియంగానే (యూరియా నేలలో ముందుగా మారే రూపం) ఎక్కువ రోజులు నిలిపే ప్రయత్నాలే. ఆ డేటాబేస్‌లో మాత్రం రెండూ ఉత్త నత్రజని టన్నులు!

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. మడి నిండుగా ఉన్నప్పుడు నేలలో ఆక్సిజన్ ఉండదు, పోయే నత్రజని చాలావరకు మామూలు నత్రజని వాయువుగానే పోతుంది. మడి ఆరుతూ, మళ్లీ తడుస్తూ ఉన్నప్పుడే మనం వెతికే వాయువు ఎక్కువగా బయటపడుతుంది. పైపాటు యూరియా వేశాక నీళ్లు తీసి చూడు. అక్రిలిక్ పెట్టెని దుబ్బుల మీద బోర్లించి, పావుగంటకోసారి సిరంజితో గాలి తీసి వాయువుల్ని విడదీసి కొలిచే గ్యాస్ క్రోమటోగ్రాఫ్‌లో పెడితే, కొద్ది రోజులు అంకెలు జివ్వున లేచి మళ్లీ పడిపోతాయి. వారానికి ఒక్కసారి శాంపిల్ తీసినవాళ్లకి ఆ లేవడం తగలకపోవచ్చు. ఏ పేపర్ చదివినా సగటు చూసే ముందు, శాంపిల్స్ ఎన్ని రోజులకోసారి తీశారో చూడు. మీథేన్ తగ్గించడానికి రెండు దేశాల్లోనూ చెబుతున్న తడి-పొడి పద్ధతి (మడిని మధ్యమధ్య ఆరనిచ్చి మళ్లీ తడపడం) నైట్రస్ ఆక్సైడ్‌ని పెంచగలదు, కాబట్టి ఆ రెండు వాయువుల్నీ కలిపే మాట్లాడు.

ఇంకో చిక్కు. అమ్మిన యూరియా అంతా అక్కడి పొలంలోనే పడదు. మన దగ్గర సబ్సిడీ యూరియా ప్లైవుడ్ జిగురుకీ, సరిహద్దు దాటి పక్క దేశాలకీ పోతున్న మాట అందరికీ తెలిసిందే. పుస్తకంలో మాత్రం అది ఇండియా ఖాతాలోనే ఉంటుంది. పైగా మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో, వాళ్లది జూలైలో మొదలవుతుంది, కాబట్టి ఏడాది లెక్కలు నేరుగా సరిపోలవు. పిడకలుగా కాలిపోయే పేడని నేలకి చేరిన ఎరువులో కలపకు. బంగ్లాదేశ్‌లో జనపనార కర్రలకి పేడ మెత్తి ఎండబెట్టి పొయ్యిలో పెడతారు, అదీ ఈ లెక్కలోకే వస్తుంది.

నా మాట వింటే, మొత్తం దేశాలతో పాటు పశ్చిమ బెంగాల్‌ని విడిగా తీసి బంగ్లాదేశ్ పక్కన పెట్టు. పంజాబ్ గోధుమ, మన తెలంగాణ పత్తి కలిసిన ఇండియా సగటు ఆ డెల్టా వరికి సాటి రాదు. సరిహద్దుకి రెండు వైపులా అదే డెల్టా, అవే బోరో, ఆమన్ పంటలు. మారేవి ఎరువు ధర, పూత, రైతుకి అందే సలహా. నువ్వు కనుక్కోవలసిన తేడా అక్కడుంది. కొలతల కోసం కటక్‌లోని వరి పరిశోధన సంస్థ, గాజీపూర్‌లోని బంగ్లాదేశ్ వరి పరిశోధన సంస్థ పేపర్లు ముందు వెతుకు.

మొదటి పట్టిక తయారవగానే నాకు పంపు. గుణకాల కాలమ్ ఖాళీగా ఉన్నా పర్లేదు, టన్నులు, నీటి పద్ధతి మాత్రం నింపి పంపు.

మీ పెద్దనాన్న