సర్కారు తుమ్మను గుర్తించడం, మళ్లీ లేవకుండా తీయించడం

చెన్నైలో మేడవాక్కం దగ్గర కొన్న స్థలం నిండా ముళ్ల చెట్లు కమ్ముకున్నాయనీ, ఎన్నిసార్లు నరికించినా వానలు పడగానే గుబురుగా లేస్తున్నాయనీ, అవి నల్ల తుమ్మలో మరేవో తేల్చుకోలేకపోతున్నామనీ రాశారు. వండలూరు వైపు మా స్థలంలో ఇటువంటి చెట్లనే తీయించిన అనుభవంతో చెబుతున్నాను. మీ వర్ణనను బట్టి అవి సర్కారు తుమ్మలే అయి ఉండాలి. అయినా దగ్గరకు వెళ్లి చూసి నిర్ధారించుకున్నాకే పనివాళ్లను పిలవండి, ఎందుకంటే ముళ్లున్నంత మాత్రాన ఉంచుకోదగిన చెట్లు కూడా వీటితో పాటు పోతుంటాయి.

సర్కారు తుమ్మ కొమ్మ కణుపు కణుపుకూ దిశ మార్చుకుంటూ వంకరటింకరగా సాగుతుంది. ముళ్లు ఆ కణుపుల దగ్గరే, ఎక్కువగా జంటగా ఉంటాయి. పూత లేత పసుపు రంగులో సన్నని పొడవాటి కంకిగా వస్తుంది. పండిన కాయ పసుపుపచ్చగా, కొద్దిగా వంగి, తియ్యగా ఉంటుంది. నల్ల తుమ్మకైతే పూత చిక్కని పసుపు రంగులో గుండ్రంగా ఉంటుంది, కాయ గింజకూ గింజకూ మధ్య బాగా నొక్కుకుపోయి కనిపిస్తుంది. దసరాకు మనం పూజించే జమ్మికి ముళ్లు కణుపుల మధ్య కొమ్మ పొడవునా చెదురుగా ఉంటాయి. జమ్మి ఒక్కటి కనిపించినా దయచేసి దాన్ని కాపాడండి.

అమెరికా ఖండాలకు చెందిన సర్కారు తుమ్మను మద్రాసు అటవీ అధికారులు తెప్పించి 1877లో మన కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటించారు. నీరు లేని నేలలోనూ బతికి వంటచెరకు ఇస్తుందన్న ఉద్దేశం సరైనదే గానీ, అదే మొండితనం ఇప్పుడు చెరువులనూ బీళ్లనూ కమ్మేసింది.

నరికితే ఇది ఎందుకు చావదంటే, కాండం వేరుతో కలిసే చోట, నేలకు కాస్త దిగువన, నిద్రాణమైన మొగ్గలు ఉంటాయి. పై మాను పోగానే అవన్నీ ఒక్కసారిగా మేలుకొని, ఒక మాను ఉన్నచోట పిలకల గుంపు తయారవుతుంది. కాబట్టి నరికాక మిగిలిన మొద్దు చుట్టూ తవ్వించి, పక్క వేళ్లను గొడ్డలితో తెంచి, కనీసం అడుగు లోతున తల్లివేరును నరికించి, ఆ మొదలును పూర్తిగా బయటకు తీయించాలి. అంతకంటే లోతున మిగిలిన వేరు సాధారణంగా చిగురించదు. తీసిన మొద్దులను వేళ్లు పైకి ఉండేలా ఎండలో పడేయండి. పెద్ద మాన్లకు జేసీబీ తప్పదు గానీ, డ్రైవరు పైపైన విరిచి వదిలేయకుండా దగ్గరుండి చూసుకోవాలి. ఈశాన్య రుతుపవనాలు ముగిశాక, నేల ఇంకా మెత్తగా ఉన్నప్పుడు చిన్న మొక్కలు చేత్తో లాగినా వేరుతో సహా వస్తాయి.

మొద్దు మీద డీజిల్ పోయమని కొందరు సలహా ఇస్తారు. నేను గట్టిగా వద్దంటాను. అది బావి నీటిని పాడుచేస్తుంది, పైగా మీ ప్రాంతపు వాననీరు చేరేది 2022లో రామ్‌సర్ (అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలల జాబితా) గుర్తింపు పొందిన పళ్లికరణై చిత్తడినేలకే.

కాయలు పండకముందే పని ముగించండి. మేకలూ పశువులూ తిన్న కాయల గింజలు అరగకుండా పేడతో బయటపడి మొలుస్తాయి గనుక కంచె అవసరం. నేలలో ముందే రాలిన గింజలు ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. ప్రతి వానాకాలం తర్వాత స్థలమంతా తిరిగి మొలకలను పీకాల్సిందే. కానుగ, వేప, గంగరావి నాటితే వాటి నీడలో ఈ మొలకలు సరిగా ఎదగవు.

పనివాళ్లకు తమిళంలో ‘సీమై కరువేలం’ అని చెబితే వెంటనే అర్థమవుతుంది. ముల్లు చెప్పును కూడా చీల్చుకొని దిగుతుంది కాబట్టి మందపాటి బూట్లు ఇప్పించండి. లావు కొమ్మలను కట్టెల వ్యాపారులు, బొగ్గు కాల్చేవాళ్లు కొంటారు. ఆ డబ్బు కూలి ఖర్చుకు కొంత కలిసివస్తుంది. మీ హద్దుకు బయట ఉన్న చెట్లను మాత్రం అధికారుల అనుమతి లేకుండా ముట్టుకోకండి.