పేపర్ మానేశాం, మావయ్యగారు ఫోన్ పట్టారు

ప్రశ్న: మాది తెనాలి. మావయ్యగారు రిటైర్డ్ టీచర్. అన్నీ ఫోన్‌లో వస్తుంటే నెలనెలా పేపర్ బిల్లెందుకని మావారు నిరుడు పేపర్ మాన్పించారు. ఇప్పుడు మావయ్యగారు తెల్లారి లేచిన దగ్గర్నుంచి ఫోన్‌లోనే. మొన్న ఎవరో పంపిన క్లిప్పింగ్ చూపించి ‘పింఛన్‌లో కోత పెడుతున్నారట, పేపర్లో పడింది’ అంటూ రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అది ఉత్తదని తర్వాత తెలిసింది. పేపర్ మళ్లీ వేయించమంటారా?
– ఒక కోడలు

జవాబు: వేయించండమ్మా. అలాగని ఫోన్ మాన్పించాలని చూడకండి, అది అయ్యే పని కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ‘పేపర్లో పడింది’ అన్న మాట. చూసేది ఫోన్‌లో అయినా ఆయన నమ్మకం ఇంకా పేపర్ మీదే ఉంది. 1989లో ఈనాడు జిల్లా పేజీలు మొదలుపెట్టాక మన వీధి మురుగుకాలువ సంగతి కూడా అచ్చులో చూసుకోవడం అలవాటైంది, తప్పు రాస్తే విలేకరిని టీ కొట్టు దగ్గర పట్టుకుని అడిగేవాళ్లు కూడా ఉండేవాళ్లు. ఆ పరువంతా ఇప్పుడు అచ్చులా కనబడే ప్రతి ఫొటోకీ ఉత్తపుణ్యానికి దక్కుతోంది. నేనూ పడ్డాను లెండి! తెలిసిన పేపర్ అక్షరాలే కదా అని స్కూళ్ల సెలవు వార్త ఒకటి ఫ్యామిలీ గ్రూపులో పెట్టి మా బావగారి చేత చీవాట్లు తిన్నాను.

ఆయన టీచర్ కాబట్టి మీరు పాఠం చెప్పకండి, దిద్దే పని ఆయనకే ఇవ్వండి. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుంటే ఆ మెసేజ్ కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని లెక్క. 2020 నుంచి అలాంటివాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు, ఎందుకో ఆయనకు విడమరిచి చెప్పక్కర్లేదు. క్లిప్పింగ్ వస్తే తేదీ, ఎడిషన్ ఉన్నాయేమో చూసి, ఉంటే ఆ రోజు ఈ-పేపర్ తెరిచి వెతకమనండి, లేకపోతే వదిలేయమనండి. యూట్యూబ్‌లో ఒకటయ్యాక ఇంకోటి దానంతటదే మొదలయ్యే ఆటోప్లే మాత్రం మీరే ఆపేయండి, సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

మీవారు బిల్లు మిగిలిందన్నారు సరే, పాత పేపర్లు కిలోల లెక్కన అమ్మితే వచ్చే డబ్బులు అందులోంచి తీసేశారో లేదో కనుక్కోండి. రేపు పొద్దున పేపర్ వేసే అబ్బాయి కనబడితే ఆపి చెప్పేయండి, ఒకటో తారీఖు దాకా ఆగక్కర్లేదు.