అడగండి చెబుతా: గౌహర్ జాన్‌కి ఎన్ని పెళ్లిళ్లు?

ప్రశ్న: ఫోన్‌లో పాత పాటలు వెతుకుతుంటే గౌహర్ జాన్ పాట దొరికింది సార్. గొంతు భలే ఉంది. ఆమెకి నాలుగైదు పెళ్లిళ్లనీ, రాజభోగం అనుభవించి చివరికి దిక్కులేకుండా పోయిందనీ మా మామయ్య అంటాడు. నిజమేనా?
– ఓ పాఠకురాలు, ఎమ్మిగనూరు

జవాబు: మీ మామయ్య కాస్త కలిపి చెప్పాడమ్మా. పెళ్లి అని చెప్పుకోదగ్గది ఒక్కటే, అదీ కోర్టుకెక్కి నానా యాగీ అయిన పెళ్లి. ఆమె కష్టాలకి మాత్రం అమ్మానాన్నల కాపురమే మొదలు. 1873లో ఆజంగఢ్‌లో పుట్టినప్పుడు ఆమె పేరు ఏంజెలీనా. తండ్రి రాబర్ట్ యోవార్డ్ ఆర్మీనియన్, తల్లి విక్టోరియా. పిల్లకి ఆరేళ్లప్పుడు, 1879లో, వాళ్లు విడాకులు తీసుకున్నారు. తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని బెనారస్ చేరి, ఇస్లాం తీసుకుని మల్కా జాన్ అయింది, కూతురు గౌహర్ అయింది. తర్వాత కలకత్తా వెళ్లి, ఇద్దరూ పాటతోనే ఇల్లూ వాకిలీ సంపాదించుకున్నారు.

1906లో తల్లి పోయింది. అసలు తలనొప్పి అప్పుడు మొదలైంది. వాళ్లింట్లో పనిమనిషి కొడుకుగా పెరిగిన భగ్లూ అనేవాడు, మల్కా జాన్ ఆస్తికి వారసుణ్ణి నేనే, ఈమెకి ఏ హక్కూ లేదు అని కేసు వేశాడు. దేశమంతా తెలిసిన మనిషి, 1902లోనే గ్రామఫోన్‌కి పాడిన మనిషి, ఇప్పుడు తన తల్లిదండ్రులకి సక్రమంగా పెళ్లయిందని కోర్టులో రుజువు చేసుకోవాలి! చిన్నప్పుడు వదిలేసి వెళ్లిన తండ్రిని వెతికి పట్టుకుని సాక్ష్యం చెప్పించుకుంది. దానికి ఆయన డబ్బు అడిగాడని కూడా చెబుతారు. కేసయితే గెలిచింది.

ఇక మనసు సంగతికొస్తే, బొంబాయి పార్సీ నాటకాల్లో పేరున్న అమృత్ కేశవ్ నాయక్‌తో ఆమెకి బాగా దగ్గరితనం ఉండేది. ఆయన 1907లో ఉన్నట్టుండి పోయాడు. ఏడాది తేడాతో ఇటు తల్లి, అటు ఈయన. ఆ ఒంటరితనంలో చేరదీసినవాడే సెక్రటరీ అబ్బాస్, ఆమె కంటే పదేళ్లు చిన్న. అతన్నే చేసుకుంది, ఆస్తి కూడా రాసిచ్చింది. వేరే ఆడమనిషితో సంబంధం బయటపడేసరికి ఆ రాసిచ్చింది వెనక్కి రాబట్టుకోవడానికి మళ్లీ కోర్టు మెట్లెక్కింది. సంపాదనలో చాలా భాగం ప్లీడర్లకే పోయింది. పిల్లి పిల్లల్ని పెడితే 20,000 రూపాయలతో విందు చేసిందని కథలు చెప్పి, దుబారా వల్లే చెడిందని తేల్చేస్తారు గానీ, నన్నడిగితే పిల్లి కంటే మొగుడికి అయిన ఖర్చే ఎక్కువ.

దిక్కులేకుండా పోయిందన్న మాటలో సగమే నిజం. 1928లో మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయార్ ఆమెని ఆస్థాన గాయనిగా పెట్టుకున్నారు. 1930 జనవరి 17న అక్కడే కన్నుమూసింది. రాజు ఆదరణ ఉంది, నా అన్నవాళ్లే లేరు.

ప్రశ్న: ఆ రోజుల్లో నాటకాలాడే ఆడవాళ్లందరి బతుకూ ఇంతేనా? మన కడప జిల్లా సురభి వాళ్ల సంగతేంటి?
– రాయచోటి పాఠకుడు

జవాబు: కాదు, వాళ్ల దారే వేరు. 1885లో వనారస గోవిందరావు గారు మన సురభి ఊళ్లో కీచకవధ ఆడించినప్పటి నుంచీ సురభి అంటే కుటుంబం. మగవాళ్లే చీర కట్టి ఆడవేషాలు వేసే కాలంలో వీళ్లింటి ఆడవాళ్లే రంగం మీదకి వచ్చారు. సంబంధాలు కూడా ఎక్కువగా వాళ్లలో వాళ్లే కలుపుకునేవాళ్లు, అందుకని పెళ్లయ్యాక వేషం మానెయ్యమనే అత్తారిల్లు ఉండేది కాదు, అత్తగారు కూడా పక్కనే రంగు పూసుకుంటుంటే ఎవరు వద్దంటారు? కూతుళ్లూ అల్లుళ్లూ వేరుపడితే ఇంకో నాటక సమాజం పుట్టేది. అలాగని అంతా సుఖమని కాదు, డేరా ఎత్తి ఊరూరూ తిరిగే కాపురం.

పెళ్లి జోలికే పోకుండా నిలబడినామె కావాలంటే గాయని బెంగళూరు నాగరత్నమ్మ. జస్టిస్ నరహరిరావు అండ ఉన్నమాట నిజమే. తర్వాత మద్రాసులో కచేరీలతో సంపాదించింది, నగలు అమ్మి తిరువయ్యారులో త్యాగయ్య సమాధికి గుడి కట్టించింది, 1925లో ప్రతిష్ఠ జరిగింది. అక్కడి ఆరాధనలో ఆడవాళ్లని పాడనివ్వకపోతే కొట్లాడి పాడించింది.

ప్రశ్న: అటక మీద తాత కాలం గ్రామఫోన్ ప్లేట్లు దొరికాయి. శానిటైజర్‌తో తుడవొచ్చా?
– ప్రొద్దుటూరు పాఠకుడు

జవాబు: అయ్యో, ఆ పని చెయ్యకండి! అవి లక్కతో చేసినవి, స్పిరిట్ తగిలితే కరిగి గాడులు పోతాయి. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి చాలు. ఇప్పటి రికార్డ్ ప్లేయర్ ముల్లు వాటికి పనికిరాదు, 78 స్పీడుకి, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే ఈ పాత ప్లేట్లకి, వేరే లావు ముల్లు ఉంటుంది. పాత చావి గ్రామఫోన్ అయితే ఒక్కో వైపుకి ఒక్కో కొత్త ఇనుప ముల్లు వెయ్యాలి. ఏదైనా పాట చివర గాయని తన పేరు ఇంగ్లిష్‌లో చెప్పుకుంటే ఆశ్చర్యపోకండి. ప్లేట్లు జర్మనీలో అచ్చయ్యేవి కాబట్టి అక్కడివాళ్లు ఏది ఎవరి పాటో పోల్చుకుని చీటీ అతికించడానికి చేసిన ఏర్పాటది. పేర్చి పెట్టకండి, నిలువుగా పెట్టండి, మన సీమ ఎండకి వంకర తిరుగుతాయి.