రంగుల బొమ్మ వచ్చింది, నమ్మొచ్చా?

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం, మెకానికల్. మా కాలేజీ టీమ్ 1యు క్యూబ్‌శాట్, అంటే 10 సెంటీమీటర్ల ఘనం లాంటి ఉపగ్రహం డిజైన్ చేస్తోంది. థర్మల్, స్ట్రక్చర్ పని నాకిచ్చారు. యాన్సిస్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ స్టూడెంట్ వెర్షన్ వేసుకుని వీడియోలు చూసి నేర్చుకుంటున్నాను. వాళ్లు నొక్కినవే నొక్కితే ఎక్కడ ఎంత వేడి, ఎంత ఒత్తిడి ఉందో చూపే రంగుల బొమ్మ వస్తోంది కానీ, అది సరైందో కాదో తెలియడం లేదు. రివ్యూలో అడిగితే ఏం చెప్పాలోనని టెన్షన్‌గా ఉంది. డబ్బు కట్టి కోర్సులో చేరాలా?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. చాలా ఏళ్లు థర్మల్ విశ్లేషణ చేశాను, బొమ్మ రాగానే నాకూ మీకొచ్చిన అనుమానమే వస్తుంది. దాన్ని తీర్చేది కాగితం మీద లెక్క.

భూమికి దూరంగా, ఎండలో ఒక నల్లటి గోళం ఉందనుకోండి. అక్కడ ఎండ చదరపు మీటరుకు సుమారు 1361 వాట్లు. గోళం ఎండను అందుకునేది ఒక వృత్తమంత మేర. వేడిని వదిలేది మాత్రం ఒళ్లంతా, అంటే ఆ వృత్తానికి నాలుగింతలు. కాబట్టి సగటున చదరపు మీటరుకు 340 వాట్లు. ఎంత ఉష్ణోగ్రతకు ఎంత వేడి వెలువడుతుందో చెప్పే స్టెఫాన్-బోల్ట్‌జ్‌మన్ సూత్రంలో వేస్తే 278 కెల్విన్, అంటే దాదాపు 5 డిగ్రీల సెల్సియస్ వస్తుంది. ఇప్పుడు అదే గోళాన్ని యాన్సిస్‌లో గీసి, ఉపరితలమంతా ఆ 340 వాట్లు ఇవ్వండి. ఎమిసివిటీ, అంటే ఉపరితలం వేడిని వదిలే సామర్థ్యం, 1 పెట్టండి. 5 డిగ్రీలు రాలేదా? రేడియేషన్‌లో పరిసర ఉష్ణోగ్రత చూడండి. మామూలుగా అది 22 డిగ్రీలుగా ఉంటుంది, దాన్ని మైనస్ 270కి మార్చాలి. గాలిలో పెట్టే వస్తువుల వీడియో చూసి కన్వెక్షన్ (గాలి వేడిని మోసుకుపోవడం) కూడా పెట్టి ఉంటే తీసేయండి. అక్కడ గాలే లేదు.

స్ట్రక్చర్‌కూ ఇదే పద్ధతి. 200 మి.మీ. పొడవు, 20 వెడల్పు, 3 మందం ఉన్న అల్యూమినియం పట్టీని ఒక చివర బిగిస్తే మొదటి సహజ పౌనఃపున్యం, అంటే తట్టి వదిలితే అది తనంతట తాను ఊగే వేగం, 61 హెర్ట్జ్ దగ్గర రావాలి. అది వచ్చాకే ఫ్రేమ్ జోలికి వెళ్లండి. ఫ్రేమ్‌లో స్క్రూలతో బిగించే ముక్కలను సాఫ్ట్‌వేర్ తనంతట తాను పూర్తిగా అతికినట్టు తీసుకుంటుంది. దాంతో ఫ్రేమ్ నిజంకన్నా గట్టిగా కనిపిస్తుంది, పౌనఃపున్యం ఎక్కువ చూపిస్తుంది. అనుభవం ఉన్న రివ్యూయర్ ముందు అడిగేది ఇదే.

విద్యార్థుల వల్ల కాని పనేం కాదిది. 2010 జులైలో పీఎస్‌ఎల్‌వీ-సీ15 మీద వెళ్లిన స్టడ్‌శాట్, కర్ణాటక, హైదరాబాద్ ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు చేసిందే. బరువు కిలోలోపే.

ఇక మీ ఉపగ్రహం విషయంలో మొదట తేల్చుకోవాల్సింది బ్యాటరీ సంగతి. 500 కిలోమీటర్ల ఎత్తులో ఒక చుట్టు సుమారు 95 నిమిషాలు, అందులో 35 నిమిషాల దాకా భూమి నీడ. లిథియం అయాన్ బ్యాటరీని 0 డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే పాడవుతుంది. నీడలోంచి బయటికొచ్చే సరికి అది ఎంత చల్లగా ఉంటుంది? మీ కక్ష్యకు నీడ సమయం కచ్చితంగా కావాలంటే నాసా ఉచితంగా ఇచ్చే జీమ్యాట్ అనే కక్ష్య లెక్కల సాఫ్ట్‌వేర్ వాడండి.

రివ్యూలో రంగుల బొమ్మ కన్నా ముందు ఒక పట్టిక చూపించండి: గోళానికీ, పట్టీకీ చేతి లెక్క ఎంత, సాఫ్ట్‌వేర్ లెక్క ఎంత. కింద మీరు వాడిన ఎమిసివిటీ విలువలు, అవి ఎక్కడ తీసుకున్నారో రాయండి.