యాప్‌లో తెప్పించుకునే టిఫిన్ ఖర్చు ఎవరి మీద పడుతోంది?

ఫుడ్ డెలివరీ యాప్‌ల వల్ల మనుషులకీ పర్యావరణానికీ నిజంగా అంత నష్టం ఉందా, ఉంటే వాడటం మానేయాలా అని అడిగారు. కూకట్‌పల్లిలో మా అక్కావాళ్ళకి టిఫిన్ సెంటర్ ఉంది. సాయంత్రాలు కౌంటర్‌లో నేనే కూర్చుంటాను కాబట్టి అక్కడ చూసింది చెబుతాను. నష్టం ఉంది. అది మీ బిల్లులో కనపడదు. పార్శిల్ తెచ్చే అబ్బాయి మీద, మీ ఇంటి చెత్త ఎత్తేవాళ్ళ మీద పడుతుంది.

షాపులో కూర్చుని ఇడ్లీ తింటే ఒక్క స్టీలు ప్లేటు, కడిగి మళ్ళీ వాడతాం. అదే ఇడ్లీ యాప్‌లో ఆర్డరొస్తే ఇడ్లీకి నల్ల డబ్బా, సాంబారుకి మూతున్న గుండ్రటి డబ్బా, పల్లీ చట్నీకి ఒకటి, అల్లం చట్నీకి ఒకటి, కారప్పొడికి చిన్న కవరు, మూతలు ఊడకుండా టేపు, వీటన్నిటికీ పైన ఒక క్యారీ బ్యాగు. సాంబారు కారితే కస్టమర్ ఫొటో పెడతారు, ఆ డబ్బు యాప్ వాళ్ళు మాకొచ్చే దాంట్లోంచి కోసేస్తారు. అందుకే అక్క ఇంకో చుట్టు టేపు వేస్తుంది.

2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ చెంచాలు, ఫోర్కులు, స్ట్రాలు, ప్లేట్లు దేశమంతటా నిషేధం. ఈ డబ్బాలు ఆ జాబితాలో లేవు. అందుకే చెంచా చెక్కది వస్తోంది, డబ్బా మాత్రం మారలేదు. పైగా నల్లరంగు కోసం కలిపే కార్బన్ వల్ల ప్లాస్టిక్‌ని రకాలవారీగా వేరుచేసే యంత్రాలు ఈ డబ్బాలను గుర్తుపట్టలేవు. సాంబారు, నూనె అంటుకుని తడి చెత్తలో కలిసిపోతే చేత్తో ఏరుకునేవాళ్ళు కూడా వదిలేస్తారు. ఇక హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్ డంప్‌యార్డే గతి. మనం పావుగంటలో తినేసిన టిఫిన్ తాలూకు చెత్త అది. ఆ చుట్టుపక్కల జనం మాత్రం ఏళ్ళ తరబడి ఆ కంపుతో, పాడైపోయిన బోరు నీళ్ళతో బతుకుతున్నారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది డెలివరీ అబ్బాయిల సంగతి. వాన పడిందంటే మిర్చి బజ్జీ, పునుగుల ఆర్డర్లు ఒక్కసారిగా మీద పడతాయి. మాకున్నది ఒకటే బాండీ. రెయిన్‌కోట్ల నుంచి నీళ్ళు కారుతూ అబ్బాయిలంతా షట్టర్ కింద నిలబడతారు. "ఇంకెంతసేపైతదక్కా? ఇది ఇచ్చేదాక నాకు ఇంకోటి పడదు" అన్నాడు ఒకబ్బాయి. ఆర్డర్ లెక్కన డబ్బులు కాబట్టి మా బాండీ ముందు నిలబడ్డ టైమంతా అతని సంపాదనలోంచి పోయినట్టే. పోయిన టైము రాబట్టుకోవాలని రాంగ్ రూట్లో పోతారు. రోడ్డు మీద నీళ్ళు నిలిస్తే గుంత ఎక్కడుందో, మ్యాన్‌హోల్ ఎక్కడుందో తెలీదు. పెట్రోలు వాళ్ళదే, బండి రిపేరూ వాళ్ళదే. ఇంత చేసి వెళ్తే కొన్ని అపార్ట్‌మెంట్లలో లిఫ్ట్ ఎక్కనివ్వరు. దీన్ని నేను అస్సలు క్షమించలేను.

నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం 2020-21 నాటికే దేశంలో గిగ్ వర్కర్లు, అంటే ఇలా నెల జీతం లేకుండా చేసిన పని లెక్కన డబ్బులు తీసుకునేవాళ్ళు, 77 లక్షల మంది. ఇంతమంది బతుకుని కస్టమర్ల మంచితనానికి, టిప్పులకి వదిలేయకూడదు. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ అనే కేంద్ర చట్టం 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది. కంపెనీలు తమ టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం వీళ్ళ సంక్షేమానికి కట్టాలని అందులో ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో వీళ్ళకి 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది, 2025లో వీళ్ళ కోసమే ఒక ముసాయిదా బిల్లు విడుదల చేసింది. ప్రమాదం జరిగిన ఇంటికి ఆ డబ్బు ఎన్నాళ్ళకి చేరుతుందన్నదే అసలు విషయం.

అలాగని మానేయమని అనను. ఆపరేషనై మంచం మీదున్నవాళ్ళకీ, పిల్లలు అమెరికాలో ఉండి ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్ళకీ, నైట్ షిఫ్టుల వాళ్ళకీ ఇది పెద్ద ఆసరా. ఊళ్ళ నుంచి వచ్చిన ఎంతోమంది అబ్బాయిల రూము అద్దె దీనితోనే గడుస్తోంది. నూటికి ఇరవై పైనే కమిషన్ పోతున్నా మాకూ కొత్త కస్టమర్లు దొరికారు. యాప్‌లో దోసె రేటు ఎక్కువుండేది ఆ కమిషన్ వల్లే.

ఒక్క ఛాయ్ కోసమో, ఒక్క సమోసా కోసమో బండిని పరిగెత్తించకండి. ఇంట్లో చట్నీ ఉంటే వద్దని నోట్‌లో రాయండి, ఆ డబ్బాలు మేం పెట్టం. తిన్నాక డబ్బా కడిగి పొడి చెత్తలో వేయండి. జోరు వానలో ఆర్డర్ పెట్టకుండా ఉండగలిగితే ఇంకా మంచిది. వీధి చివర కర్రీ పాయింట్ ఉంటే స్టీలు క్యారియర్ పట్టుకుని నడిచి వెళ్ళండి. మా దగ్గరికి గిన్నె తెచ్చుకునేవాళ్ళకి అక్క ఒక గరిటె సాంబారు ఎక్కువే పోస్తుంది, ప్యాకింగ్ డబ్బులు మిగిలినట్టే కదా. మీ దగ్గర్లోని టిఫిన్ సెంటర్‌లో కూడా ఒకసారి అడిగి చూడండి.