డెవలపర్లకు కూడా లాగిన్ పోయిన ట్రస్టు వెబ్‌సైట్‌ను తిరిగి చేతికి తెచ్చుకోవడం

మీ ట్రస్టు సైటు తెరిస్తే ఏదో జూదం పేజీకి పోతోందని, సైటు కట్టిన డెవలపర్లు కూడా తమ లాగిన్ పనిచేయడం లేదంటూ చేతులెత్తేశారని రాశారు. సైటును నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో పాస్‌వర్డ్ మార్చే దారి అడిగారు. అది కింద చెబుతాను, కానీ ముందు పట్టుకోవాల్సింది డొమైన్, అంటే మీ సైటు చిరునామా పేరు. అది మీ చేతిలో ఉంటే మిగతావన్నీ మళ్లీ కట్టుకోవచ్చు. అది పోతే సైటుతో పాటు మెయిళ్లు కూడా పోతాయి.

అంతకన్నా ముందు, ఇవాళే, విరాళాల పేజీ చూడండి. అందులోని క్యూఆర్‌ను స్కాన్ చేసి, డబ్బు పంపకుండా, పేరు మీ ట్రస్టుదేనా అని చూసుకోండి. బ్యాంకు ఖాతా నంబరు అంకె అంకె పోల్చండి. పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే సేవ) ఉంటే దాని రహస్య కీలు కొత్తవి తీసుకుని పాతవి రద్దు చేయండి. ఏదైనా మారి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, దాతలకు కబురు పెట్టండి.

ఇక డొమైన్. డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ (ICANN) సంస్థ లుకప్ పేజీలో మీ డొమైన్ పేరు కొడితే రిజిస్ట్రార్ (డొమైన్‌ను నమోదు చేసే కంపెనీ) ఎవరో, గడువు ఎప్పుడో, నేమ్‌సర్వర్లు (ఆ పేరు ఎక్కడికి వెళ్లాలో చెప్పే సర్వర్లు) ఏవో కనిపిస్తాయి. యజమాని పేరు దాచి ఉన్నా రిజిస్ట్రార్ పేరు మాత్రం దాగదు. చిన్న ఏజెన్సీలు చాలావరకు రీసెల్లర్లు, అంటే రిజిస్ట్రార్ దగ్గర తీసుకుని మీకు అమ్మేవాళ్లు. మీకు బిల్లు ఇచ్చిన కంపెనీ పేరు, లుకప్‌లో వచ్చే పేరు వేరుగా ఉంటే కంగారుపడకండి. ఏజెన్సీ పలకనప్పుడు మీరు వెళ్లాల్సింది లుకప్‌లో వచ్చిన పేరు దగ్గరికే.

మీ డెవలపర్లు ఇంకా ఫోన్ ఎత్తుతున్నారు కాబట్టి ఆ వీలును ఈ వారమే వాడుకోండి. అదే రిజిస్ట్రార్ దగ్గర ట్రస్టు పేరుతో కొత్త అకౌంట్ తెరిచి, డొమైన్‌ను అందులోకి పంపమనండి. రిజిస్ట్రార్ మారే పని లేదు కాబట్టి ఇది త్వరగా అయిపోతుంది. వేరే రిజిస్ట్రార్‌కు మార్చుకోవాలంటే బదిలీని ఆపే లాక్ తీయించి, ఆథ్ కోడ్ (బదిలీకి కావాల్సిన రహస్య కోడ్) తీసుకోవాలి. డాట్ కామ్, డాట్ ఆర్గ్‌లకైతే యజమాని అడిగిన 5 రోజుల్లో రిజిస్ట్రార్ ఆ కోడ్ ఇచ్చి తీరాలి. చాలామంది బోల్తాపడేది వరుస దగ్గర: ముందు యజమాని పేరో, మెయిలో మార్చేసి, తర్వాత బదిలీకి వెళితే బదిలీకి 60 రోజుల తాళం పడే అవకాశం ఉంది. రిజిస్ట్రార్ మారాలనుకుంటే బదిలీ ముందు, పేరు మార్పు తర్వాత.

డెవలపర్లకు రిజిస్ట్రార్ దగ్గరి అకౌంట్ కూడా పోయి ఉంటే కాగితాలే దిక్కు. ట్రస్టు రిజిస్ట్రేషన్ పత్రం, పాన్, డొమైన్‌కు డబ్బు కట్టిన బిల్లు, ఎవరు సంతకం చేయవచ్చో చెప్పే తీర్మానం, ఆ వ్యక్తి గుర్తింపు కార్డు, లెటర్‌హెడ్ మీద వినతి, అన్నీ కలిపి ఒకేసారి రిజిస్ట్రార్‌కు పంపండి. విడివిడిగా పంపితే ప్రతిసారీ కొత్త టికెట్ తెరుచుకుని ఆలస్యమవుతుంది. డొమైన్ డెవలపర్ పేరు మీదే ఉంటే, హక్కు ట్రస్టుకు వదులుతున్నానని ఆయన సంతకం చేసిన ఉత్తరం కూడా జతచేయండి. అది లేకపోతే మీ బిల్లులకు అంత బలం ఉండదు.

గడువు తేదీ దగ్గరపడిందేమో కూడా చూసుకోండి. డాట్ కామ్, డాట్ ఆర్గ్ పేర్లకు గడువు దాటాక 45 రోజుల దాకా మామూలు రెన్యూవల్‌కు వీలుండొచ్చు, అది రిజిస్ట్రార్‌ను బట్టి మారుతుంది. డొమైన్ తొలగించాక 30 రోజులు అదనపు రుసుముతో తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత 5 రోజులు ఎవరూ ఏమీ చేయలేరు, ఆపైన ఎవరైనా కొనుక్కోవచ్చు.

డొమైన్ చేతికి రాగానే నేమ్‌సర్వర్లు మార్చేయకండి. ఇప్పుడున్న డీఎన్ఎస్ రికార్డులు (సైటు, మెయిల్ ఎటు వెళ్లాలో చెప్పే వివరాలు), అంటే ఏ, సీనేమ్, ఎంఎక్స్, టీఎక్స్‌టీ, అన్నీ రాసిపెట్టుకుని, కొత్త చోట ముందే ఎక్కించి, అప్పుడు మార్చండి. మెయిల్‌కు దారి చూపే ఎంఎక్స్ మరిచిపోతే సైటు వస్తుంది, మెయిళ్లు ఆగిపోతాయి. మెయిల్ మీ డొమైన్‌దేనని రుజువు చేసే డీకిమ్ రికార్డు మామూలు వెతుకులాటలో దొరకదు, దాని సెలెక్టర్ పేరు తెలియాలి. మీ డొమైన్ నుంచి వెళ్లిన ఏదైనా మెయిల్ ఒరిజినల్ హెడర్ తెరిస్తే, డీకిమ్ సంతకంలో 'ఎస్' అక్షరం పక్కన ఆ పేరు ఉంటుంది.

హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉండే సర్వర్ చోటు) కోసం పెద్దగా పోరాడక్కర్లేదు. ట్రస్టు పేరుతో కొత్తది తీసుకోండి. పాతదాన్నుంచి ఫైళ్లు, డేటాబేస్, యాక్సెస్ లాగ్‌లు (సైటుకు ఎవరెప్పుడు వచ్చారో చెప్పే చిట్టా) మాత్రం కాపీ తీసుకోండి, లాగ్‌లు ముందుగా తీసుకోండి. అవి కొద్ది రోజులకే చెరిగిపోతాయి, చొరబాటు ఎటునుంచి జరిగిందో చెప్పేవి అవే. బ్యాకప్ కూడా దొరక్కపోతే పాత వెబ్ పేజీలను దాచే వేబ్యాక్ మెషీన్‌లో పాత పేజీల పాఠం, కొన్ని బొమ్మలైనా మిగిలి ఉండవచ్చు.

ఇప్పుడు వర్డ్‌ప్రెస్. హోస్టింగ్ నియంత్రణ పేజీ సీప్యానెల్‌లో, డేటాబేస్‌ను చూపే పీహెచ్‌పీమైఅడ్మిన్ తెరిచి, యూజర్స్ పట్టికలో మీ వరుస ఎడిట్ చేయండి. పాస్‌వర్డ్ గడి పక్కన ఫంక్షన్‌గా ఎండీ5 ఎంచుకుని కొత్త పాస్‌వర్డ్ రాసి సేవ్ చేస్తే లాగిన్ అవుతుంది. మొదటి లాగిన్‌లోనే వర్డ్‌ప్రెస్ దాన్ని గట్టి హ్యాష్‌గా (తిరిగి చదవలేని రూపంలోకి) మార్చుకుంటుంది. పట్టిక పేరు ముందున్న అక్షరాలు సైటును బట్టి మారతాయి, కాన్ఫిగ్ (wp-config.php) ఫైల్లో చూసుకోండి. అదే ఫైల్లోని ఎనిమిది రహస్య కీలనూ మార్చేస్తే ఇప్పటికే లోపల కూర్చున్నవాళ్లందరూ బయటికి వచ్చేస్తారు.

అంతటితో ఊరుకుంటే వారంలో మళ్లీ జూదం పేజీ వస్తుంది. దొంగ ప్లగిన్లు (వర్డ్‌ప్రెస్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు) తమ అడ్మిన్ పేరును డ్యాష్‌బోర్డు జాబితాలో దాచేస్తాయి. అందుకే యూజర్‌మెటా పట్టికలో అడ్మినిస్ట్రేటర్ అని ఉన్న ప్రతి వరుసనూ చూడండి. బయటి యాప్‌ల కోసం విడిగా ఇచ్చే అప్లికేషన్ పాస్‌వర్డ్‌లు అసలు పాస్‌వర్డ్ మార్చినా చెల్లుతూనే ఉంటాయి, విడిగా రద్దు చేయాలి. ఎంయూ-ప్లగిన్స్ ఫోల్డర్‌లోనివి డ్యాష్‌బోర్డు నుంచి ఆపలేం, ఫైలే తీసేయాలి. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైలు (ప్రోగ్రాము కోడ్) కనిపిస్తే ముందు అనుమానించండి, అక్కడ సాధారణంగా ఉండాల్సింది బొమ్మలు, పీడీఎఫ్‌లే. దారి మళ్లింపులు పెట్టగల హెచ్‌టీయాక్సెస్ ఫైలు, నిర్ణీత వేళకు తమంతట తామే నడిచే క్రాన్ జాబులు కూడా చూడండి. శుభ్రం చేసిన ఫైలు గంటలో మళ్లీ పాడైతే చాలాసార్లు క్రానే కారణం. నేనైతే పాత కోడ్‌ను శుభ్రం చేయను. వర్డ్‌ప్రెస్, థీమ్, ప్లగిన్లు అధికారిక చోటినుంచి కొత్తగా దించి, పాతదాన్నుంచి తనిఖీ చేసిన డేటాబేస్, బొమ్మలు మాత్రమే తెచ్చుకుంటాను. డబ్బు కట్టాల్సిన థీమ్‌ను ఉచితంగా ఎక్కడినుంచో తెచ్చి పెట్టి ఉంటే దాన్ని మాత్రం వెనక్కి రానివ్వకండి.

సరిచూసేటప్పుడు కంప్యూటర్‌లో నేరుగా తెరిచి బాగుందనుకోవద్దు. ఫోన్‌లో, గూగుల్ వెతుకులాట ఫలితం మీద నొక్కి తెరవండి. దారి మళ్లింపు కొన్నిసార్లు అలా వచ్చేవాళ్లకే పనిచేసేలా పెడతారు. ఆ తర్వాత టీఎక్స్‌టీ రికార్డుతో గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (వెతుకులాటలో మీ సైటును చూసుకునే సాధనం) యాజమాన్యం నిరూపించుకుని, అక్కడ తెలియని ఓనర్లు ఉంటే తీసేయండి. వాళ్లు సైటులో పెట్టిన ధ్రువీకరణ ఫైలును కూడా చెరపాలి, లేకపోతే మళ్లీ ఓనర్లుగా చేరతారు.

డొమైన్ అకౌంట్ మెయిల్ అదే డొమైన్‌ది పెట్టకండి. డీఎన్ఎస్ చెడిన రోజున పాస్‌వర్డ్ రీసెట్ లింకు చేరేది ఆ చెడిన మెయిల్‌కే. వేరే చోట ట్రస్టు పేరుతో ఒక మెయిల్ తెరిచి, రెండో దశ కోడ్‌ను ఒక్కరి సిమ్‌కు కట్టేయకుండా ఆథెంటికేటర్ యాప్‌లో ఇద్దరు ట్రస్టీల ఫోన్లలో పెట్టండి. రికవరీ కోడ్‌లు కాగితం మీద రాసి ట్రస్టు దస్తావేజులతో పాటే బీరువాలో ఉంచండి. కొత్త డెవలపర్‌కు ఇవ్వాల్సింది ఆయన పేరుతో విడి లాగిన్ మాత్రమే.