కారులో పాటలు బాగానే వస్తున్నాయి, కాల్ వస్తేనే గోల. యాంప్లిఫయర్ మార్చాలా?

ప్రశ్న: మాది గుంటూరు. పాత కారులో కొత్త ఆండ్రాయిడ్ స్టీరియో, యాంప్లిఫయర్ వేయించాను. పాటలు అదిరిపోతున్నాయి. కాల్ వస్తే మాత్రం డబ్బాలోంచి మాట్లాడినట్టుంది, అవతలివాళ్ళకి వాళ్ళ గొంతే మళ్ళీ వినిపిస్తోందట. సిమ్ మార్చాలా, యాంప్లిఫయర్ మార్చాలా? ఇంకొకటి, మా అన్నయ్య కొత్త కారులో ఎస్ఓఎస్ బటన్ ఉంది. అది మన ఫోన్ సిమ్‌తోనే పనిచేస్తుందా?

జవాబు:

రెండూ మార్చొద్దండీ. ఎకో ఎవరికి వినిపిస్తే లోపం వాళ్ళ అవతలి వైపు ఉందని లెక్క. మీవాళ్ళ గొంతు మీ స్పీకర్లలోంచి వచ్చి, మీ మైకులో పడి, తిరిగి వాళ్ళ దగ్గరికే వెళ్తోంది. దానికి నెట్‌వర్క్‌ని తిట్టి లాభం లేదు.

డబ్బా శబ్దం సంగతి వేరు. బ్లూటూత్‌లో పాటలు ఏ2డీపీ అనే దారిలో స్టీరియోగా వస్తాయి. కాల్ రాగానే సెట్ పాట ఆపి హెచ్ఎఫ్‌పీ అనే ఇంకో దారికి మారుతుంది. మాటలు రెండు వైపులా ఆలస్యం లేకుండా నడవాలి కాబట్టి అక్కడ నాణ్యత తగ్గించుకుంటారు. మోనో, అంటే ఒకే ఛానెల్. పాత పద్ధతిలో శబ్దాన్ని సెకనుకు 8000 సార్లే కొలిచి పంపుతారు, ఆ కొలతల్నే శాంపిళ్ళు అంటారు. సుమారు 3400 హెర్ట్జ్ పైనున్న శబ్దమంతా పోతుంది, అందుకే ‘స’ అన్నారో ‘ష’ అన్నారో తెలియదు. 2011లో వచ్చిన హెచ్ఎఫ్‌పీ 1.6 నుంచి 16000 శాంపిళ్ళ పద్ధతి ఉంది. ఫోన్‌కీ స్టీరియోకీ రెండింటికీ అది ఉంటేనే 4జీ హెచ్‌డీ వాయిస్ (గొంతు మరింత స్పష్టంగా వినిపించే కాల్) తేడా కారులో తెలుస్తుంది. కేబుల్ పెట్టి ఆండ్రాయిడ్ ఆటో వాడితే బాగుపడుతుందని షాపుల్లో చెప్తారు, నమ్మకండి. పాటలు కేబుల్‌లో వస్తాయి, కాల్ మాత్రం అప్పుడూ బ్లూటూత్‌లోనే వస్తుంది. ఐఫోన్‌లో కార్‌ప్లే కేబుల్‌తో పెడితే కాల్ కూడా కేబుల్‌లోనే నడుస్తుంది.

ఇక ఎకో. స్టీరియోలో ఎకో క్యాన్సిలర్ ఉంటుంది. తాను స్పీకర్లకి ఏం పంపిందో దానికి తెలుసు కాబట్టి, మైకులో అదే శబ్దం పడితే తీసేస్తుంది. కానీ దాని లెక్కంతా యాంప్లిఫయర్‌కి ముందున్న సిగ్నల్‌తోనే. మీరు బయట యాంప్లిఫయర్ పెట్టి గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెద్దది చేయాలో పెట్టే సెట్టింగ్) బాగా పెంచితే అది ఊహించిన దానికంటే పెద్ద శబ్దం మైకులో పడుతుంది. స్పీకర్ చిరిగినట్టు మోగితే ఇంకా కష్టం, ఎందుకంటే అది పంపిన శబ్దానికీ మైకులో పడినదానికీ పోలికే ఉండదు. మధ్యలో డీఎస్‌పీ (శబ్దాన్ని డిజిటల్‌గా సరిదిద్దే చిప్) ఉన్న యాంప్లిఫయరైతే కాస్త ఆలస్యం కూడా చేరుతుంది.

మా కారుకి విజయవాడ ఆటోనగర్‌లో సెట్ వేయించినప్పుడు మైకుని స్టీరియో పక్కనే, ఏసీ గాలి తగిలే చోట అంటించి ఇచ్చారు. వైరు పైదాకా లాగడం బద్ధకం, అంతే. వారధి ఎక్కేలోపు మా ఆవిడ “ఏంటండీ, తుఫాన్లో ఉన్నారా” అని ఫోన్ పెట్టేసేది. తర్వాత ఇంకో మెకానిక్ చేత ఆ వైరుని డ్రైవర్ పక్క పిల్లర్ లోపలి నుంచి లాగించి సన్‌వైజర్ దగ్గర మైకు పెట్టించాను. ముందు డోర్ స్పీకర్లని యాంప్లిఫయర్ నుంచి తీసి నేరుగా స్టీరియోకే కలిపించాను, యాంప్లిఫయర్ ఇప్పుడు సబ్‌వూఫర్ ఒక్కదానికే. పాటల్లో దమ్ము కొంచెం తగ్గిన మాట నిజమే. అయినా కాజ టోల్ గేట్ దగ్గర లారీల మధ్య కూడా మాట అర్థమవుతోంది.

మీరు పైసా ఖర్చు పెట్టకముందు బండి ఆపి, ఇంజన్, ఏసీ కట్టేసి ఇంటికి కాల్ చేయండి. కాల్ నడుస్తుండగానే వాల్యూమ్ బాగా తగ్గించండి, చాలా సెట్లలో కాల్ వాల్యూమ్ పాటలతో సంబంధం లేకుండా విడిగా ఉంటుంది. ఎకో పోయిందంటే గెయిన్ తగ్గించడంతోనే సగం పని అయిపోతుంది. తగ్గించినా పోకపోతే మైకు చోటు మార్చించండి. ఎకో లేకుండా ఏసీ వేసినప్పుడే గోల మొదలైతే అదీ మైకు చోటు సమస్యే. కాల్ రాబోయే ముందు స్పీకర్లలో ‘టిక్ టిక్ బర్ర్’ మంటే అది ఇంకో కథ. ఫోన్ 2జీలో ఉన్నప్పుడు సెకనుకు 217 సార్లు చొప్పున విడివిడిగా సిగ్నల్ పంపుతుంది, పక్కనున్న ఆడియో వైర్లు దాన్ని పట్టేస్తాయి. ఫోన్‌ని యాంప్లిఫయర్ వైర్లకి దూరంగా పెడితే చాలు.

అన్నయ్య కారు బటన్‌కి మీ ఫోన్‌తో పనిలేదు. 2019లో వచ్చిన వెన్యూ, హెక్టర్ లాంటి కనెక్టెడ్ కార్లలో బండికే సొంత ఈ-సిమ్, మోడెమ్ ఉంటాయి. బటన్ నొక్కితే సెట్ పాటని ఆపి ఆ కాల్‌ని కారు స్పీకర్లలో వినిపిస్తుంది. యూరప్‌లో 2018 మార్చి 31 నుంచి కొత్త మోడళ్ళకి ఈకాల్ (ప్రమాదం జరిగితే కారే చేసే అత్యవసర కాల్) తప్పనిసరి, అది నేరుగా 112కే వెళ్తుంది. మన దగ్గర మామూలుగా కంపెనీ కాల్ సెంటర్‌కి వెళ్తుంది, దానికి సబ్‌స్క్రిప్షన్ గడువు ఉంటుంది. యాప్‌లో ఆ తేదీ ఒకసారి చూసుకోమనండి. గడువు దాటిపోతే ఆ బటన్ ఉందని ధీమాగా ఉండొద్దు, ఫోన్ తీసి 112 కొట్టడమే.